బుడుంగి అభయారణ్యం

మా పెదగాడేరులో కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయన్న సంగతి పైవాళ్ళకి ఏనాడూ గుర్తు రాలేదు గానీ, ఊరికి మస్కాట్ లేదన్న సంగతి మాత్రం ఒక సోమవారం పొద్దున్నే గుర్తొచ్చింది. మస్కాట్ అంటే ఊరికి గుర్తుగా ఉండే ముద్దుల జంతువు. పక్క జిల్లాలో ఏదో పట్టణం నవ్వే పీతను పెట్టుకుందట, దానికి ఢిల్లీలో బహుమతి ఇచ్చారట. అంతే, రాష్ట్రంలోని పురపాలక సంఘాలన్నీ జంతువుల మీద పడ్డాయి. ఉడతను ఒకరు ఎత్తుకుపోయారు, కొంగను మరొకరు, తాబేలు కోసం రెండు ఊళ్ళు కొట్టుకున్నాయి. మా ఊరు మేలుకునే సరికి బల్లి, బొద్దింక మిగిలాయి.

మా కమిషనర్ త్రివిక్రమరావు గారు వెనక్కి తగ్గే మనిషి కారు. సిబ్బందినంతా పిలిపించి, "ఉన్న జంతువు అందుబాటులో లేనప్పుడు, లేని జంతువును సమకూర్చుకోవడమే సమర్థ పరిపాలన" అన్నారు. మేమందరం తలలు ఊపాం. మా ఆఫీసులో లేనివాటిని సమకూర్చుకోవడం కొత్తేమీ కాదు. లేని రోడ్డుకి మరమ్మతులు కూడా చేసి ఉన్నాం.

ఆ పని నా నెత్తిన పడింది. నా పేరు దొరబాబు. కంప్యూటర్ సెక్షన్లో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగిని. జనన మరణ పత్రాలు ముద్రిస్తూ, నాయకుల పుట్టినరోజులకి ఫ్లెక్సీలు తయారు చేస్తూ బతుకుతున్నాను. బొమ్మలు వేయడం నాకు పిచ్చి. ఆ పిచ్చి ఆఫీసులో తెలియడమే నేను చేసిన పొరపాటు.

మాది కాలువ ఒడ్డున తూముగట్టు పేట. కాలువకి ఎడమ గట్టు మీద మేముంటాం, కుడి గట్టు మీద ఆఫీసర్ల క్లబ్బు, కమిషనర్ గారి బంగళా ఉంటాయి. మధ్యలో పాత తూము. మా అమ్మ పోయాక నన్ను పెంచింది మా అక్క లోవలక్ష్మి. ఆ ఇంటి గోడలు అక్క చేత్తో కట్టినవే. అరుగు మీద కూచుని పెన్సిలుతో గీశాను. నీటికుక్క ఒళ్ళు, జెల్ల చేప మీసాలు, ఏనుగు పిల్ల చెవులు, ఎవరిని చూసినా ఆకలేస్తోందా అని అడుగుతున్నట్టు ఉండే కళ్ళు. నీళ్ళలో బుడుంగుమని మునుగుతుంది కాబట్టి బుడుంగి అని పేరు పెట్టాను. అబద్ధమెందుకు, గీసిన మరుక్షణం నుంచి నాకది తెగ నచ్చేసింది.

అక్క చేపలు తోముతూ తొంగి చూసింది. "ఏంట్రా ఇది, ఎలకా, పందికొక్కా?"

"మన ఊరి మస్కాటే అక్కా."

"ఊరికి తగ్గట్టే ఉంది. తిండానికి పనికొస్తదా?"

పెన్సిలు గీత నుంచి కంప్యూటర్ పెయింటింగ్ దాకా రావాలంటే పని పొరలు పొరలుగా సాగుతుంది. గీతలు ఒక పొర, వెనక దృశ్యం ఒక పొర, రంగులు ఒకటి, వెలుగునీడలు ఒకటి. గాజు పలకలు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు అన్నమాట. ఏ పలకనైనా ఎప్పుడైనా తీసి దిద్దుకోవచ్చు, అందులో ఉన్న సుఖమే అది. ఈ సుఖం గురించి మా సూపరింటెండెంట్ శేషావతారం గారికి వివరించాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు ఆలోచించారు.

"అంటే దశలవారీ నిర్మాణమన్నమాట. పునాది, గోడలు, స్లాబు. ప్రతి దశకీ పరిశీలన, ఆమోదం, ముద్ర. ఆమోదం పొందిన దశ తాకరాదు. స్లాబు వేశాక పునాది తవ్వుతావుటయ్యా?"

"బొమ్మకి పునాది ఉండదండి."

"అందుకే అన్నీ కూలిపోతున్నాయి" అన్నారాయన.

అది మొదలు నా పని ఇలా సాగింది. ఒక పొర వేస్తాను. దాన్ని కాగితం మీద ముద్రిస్తాను. శేషావతారం గారు ఫైల్లో పెడతారు, ఫైలు నాలుగు టేబుళ్ళు తిరిగి సంతకాలతో వస్తుంది. సంతకాలున్న కాగితాన్నే స్కాన్ చేసి మళ్ళీ కంప్యూటర్లో పెట్టాలి, ఎందుకంటే ఆమోదించింది ఆ కాగితాన్ని గానీ నా కంప్యూటర్లో ఉన్నదాన్ని కాదు. గీతల పొర తిరిగొచ్చేసరికి బుడుంగి పిర్ర మీద గుండ్రటి రబ్బరు ముద్ర పడి ఉంది. చెరుపుతానన్నాను. ముద్ర చెరిపితే ఆమోదం చెరిగిపోతుందన్నారు. బుడుంగి ఆ ముద్రతోనే పెరిగింది.

వెనక దృశ్యానికి ఎక్కడికీ వెళ్ళలేదు. మా అరుగు మీద నుంచి కనబడేదే వేశాను. తూము, ఎడమ గట్టు, తుంగ, అక్క ఆరేసిన చీర, పేటలో పెంకుటిళ్ళు. ఇంజినీరింగ్ విభాగం తూము కొలతలు సరిపోయాయని సంతోషించి ఆమోదించింది. నేనూ సంతోషించాను, బుద్ధిలేక.

రంగుల పొరకి కౌన్సిల్ సమావేశమే పెట్టారు. పసుపు అనగానే ఒక వరస సభ్యులు లేచారు. నీలం అనగానే ఎదుటి వరస లేచింది. గులాబి, కాషాయం, ఎరుపు, ఆకుపచ్చ, దేన్ని తాకినా ఎవరో ఒకరి జెండా అంచు చేతికి తగిలింది. తెలుపు వేస్తే బతికున్న జంతువుకి గుడ్డ కప్పినట్టుందన్నారు. నలుపు వేస్తే నిరసనట. చివరికి ఏ పార్టీ ఇంకా కన్నెయ్యని రంగు మట్టి ఒక్కటేనని తేలింది. మట్టి రంగు ఏకగ్రీవంగా నెగ్గింది. తుంగ, కాలువ, ఆకాశం కూడా మట్టి రంగే వేయమన్నారు. ఆకాశం నీలంగా ఉండటం ఒక వర్గానికి అనుకూలమని ఓ సభ్యుడు అంతకుముందే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉన్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. శేషావతారం గారికి ఇంకో నిబంధన గుర్తొచ్చింది. ప్రభుత్వ ప్రకటనల్లో జంతువును చూపిస్తే అటవీశాఖ నుంచి నిరభ్యంతర పత్రం ఉండాలి. సినిమావాళ్ళు కోడిని చూపించడానికే పత్రం తెస్తారు, మనం ప్రభుత్వమై ఉండి తేకపోతే ఎలా అన్నారు. బుడుంగిని తీసుకుని నేను రేంజరు పురుషోత్తం గారి దగ్గరకి వెళ్ళాను.

పురుషోత్తం గారిది నిదానమైన స్వభావం. ఒక లావుపాటి జాబితా తీసి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వేలు పెట్టి చూశారు. "ఇందులో లేదే."

"లేదండి. ఇది ఊహించి గీసిందండి."

"ఊహలు మా పరిధిలోకి రావు. జంతువులే వస్తాయి. సదరు జంతువు జాబితాలో లేదు అంటే రెండే కారణాలు. అంతరించి ఉండాలి, లేదా కొత్తగా దొరికి ఉండాలి. అంతరించిందయితే పురపాలక ఇంజినీరు దీన్ని తూము పక్కన చూసి సంతకం పెట్టడు. కాబట్టి కొత్తది. ఎన్ని ఉన్నాయి?"

"ఒకటేనండి, కానీ..."

"ఒకటే" అని రాసుకున్నారు. కింద రెండు గీతలు కూడా గీశారు. ముప్ఫయ్యేళ్ళుగా కోతుల మీద ఫిర్యాదులు వింటూ గడిపిన మనిషికి చివరికి ఒక అరుదైన జంతువు దొరికింది. నా పెన్సిలు బొమ్మ చూపించి మొదట ఇలా గీశానండి అంటే, దాన్ని ఆప్యాయంగా అందుకుని, "చిన్నప్పటి ఫొటో" అని ఫైలుకి తగిలించారు.

వారం తిరక్కుండా బుడుంగి అత్యంత అరుదైన, ప్రమాదపు అంచున ఉన్న జంతువుల్లో చేరింది. నేనీ గొడవ తెలియక ఎడమ చెవి మరీ పెద్దదయిందని కొన కొంచెం చెరిపి, ఆ ప్రతిని ఫైల్లో పెట్టాను. నాలుగోనాడు అటవీశాఖ నుంచి సంజాయిషీ కోరుతూ కాగితం వచ్చింది. రక్షిత జంతువు అవయవానికి హాని కలిగించినందుకు నా మీద ఎందుకు చర్య తీసుకోకూడదో చెప్పాలట. చెవి మళ్ళీ పెంచి, పశువైద్యుడి చేత గాయం మానిందని రాయించుకున్నాను.

ఆ తరవాత అసలు దెబ్బ తగిలింది. అరుదైన జంతువు ఉంటే దానికి నివాసం ఉండాలి. నివాసం ఎక్కడని వెతకనక్కర్లేదు, ఇంజినీరింగ్ విభాగం సంతకం పెట్టిన దృశ్యంలోనే ఉంది. తూముకి ఎడమ గట్టు. తూముగట్టు పేట మొత్తాన్ని బుడుంగి అభయారణ్యంగా ప్రకటించారు. అభయారణ్యంలో మనుషులు ఉండకూడదు కాబట్టి పేట ఖాళీ చేయాలని గోడగోడకీ నోటీసు అంటించారు.

ఆ రోజు ఇంటికి వెళ్ళేసరికి అక్క నోటీసు ముందు నిలబడి ఉంది. చదువు రాకపోయినా అందులో ఏముందో పేటలో అందరికీ అప్పటికే తెలుసు.

"నువ్వు గీసిన పందికొక్కు కోసవేనంట గదరా మనం ఎల్లిపోవాల్సింది."

అక్క గోడ మీద చెయ్యి వేసింది.

"ఈ గోడకి మట్టి కాలవలోంచి నేను మోసేను. అప్పుడు నువ్వు చంకలో ఉన్నావు. ఓ చంకలో నువ్వు, ఓ చంకలో తట్ట. ఎక్కడికెల్తాం రా?"

అక్క నన్ను కొట్టినా ఆ మాటంత నొప్పి పుట్టేది కాదు. మర్నాడు పొద్దున్నే కమిషనర్ గారి గదిలోకి పోయి, బుడుంగి లేదని, నేను కల్పించిందని, కావాలంటే ఒట్టు వేస్తానని చెప్పాను.

త్రివిక్రమరావు గారు సావధానంగా విన్నారు. వినడంలో ఆయనకి మంచి పేరుంది. "చూడు దొరబాబూ. అది ఉంది అనడానికి అయిదు శాఖల సంతకాలున్నాయి. లేదు అనడానికి ఏముంది?"

"నేనున్నానండి. గీసింది నేనేగదండి."

"నువ్వు ఔట్‌సోర్సింగ్. నీ మాట మీద ఫైలు కదలాలంటే రెగ్యులర్ ఉద్యోగి ధ్రువీకరించాలి. నువ్వు ఊహించేటప్పుడు పక్కన రెగ్యులర్ ఉద్యోగి ఎవరైనా ఉన్నారా?"

ఎవరూ లేరు. ఉన్నది అక్క, చేపలు.

పోనీ దృశ్యం మారుస్తానన్నాను. ఆమోదం పొందిన దశ తాకరాదని శేషావతారం గారు గుర్తు చేశారు. మిగిలింది వెలుగునీడల పొర ఒక్కటే, అది తొందరగా పూర్తి చేసి ఇవ్వమన్నారు, అభయారణ్యం ప్రారంభోత్సవానికి ఫ్లెక్సీ వేయాలట.

బొమ్మలు వేసేవాళ్ళకి ఒక అలవాటుంది. ఎక్కువసేపు చూసిన బొమ్మలో తప్పులు కంటికి ఆనవు. అందుకని మధ్యమధ్య బొమ్మను అద్దంలో చూసినట్టు కుడిఎడమలు తారుమారు చేసి చూసుకుంటాం. వంకర మూతి, పొట్టి కాలు అప్పుడు బయటపడతాయి. నీడలు వేస్తూ నేనూ అలాగే తిప్పాను. బుడుంగి తూముకి కుడివైపుకి వచ్చి కూచుంది. ఒక్క గీతను చెరపలేదు, ఒక్క రంగును మార్చలేదు, ఏ పొరనూ తాకలేదు. అలాగే ముద్రించి ఫైల్లో పెట్టేశాను.

రేంజరు నిజాయితీపరుడు, అది ఒప్పుకోవాలి. తాజా చిత్రంలో జంతువు కుడి గట్టుకి తరలినట్టు గమనించి, ఆఫీసర్ల క్లబ్బుకీ కమిషనర్ గారి బంగళాకీ నోటీసులు అంటించి వచ్చారు.

మా ఆఫీసు అంత వేగంగా పని చేయగలదని నాకు తెలియదు. భోజనాల వేళకి విచారణ సంఘం వేశారు, టీ వేళకి సంఘం కుడి గట్టు తిరిగొచ్చింది, సాయంత్రానికి ఉత్తర్వు వచ్చేసింది. శేషావతారం గారు గట్టిగా చదివి వినిపించారు. "కుడి గట్టున సదరు జంతువు లేదనియు, ఎన్నడూ ఉండలేదనియు, ఉండుటకు అవకాశము లేదనియు క్షేత్రస్థాయి పరిశీలనలో నిర్ధారణ అయినది."

నేను లేచి నిలబడ్డాను. "అంటే లేదని ఒప్పుకున్నట్టేగదండి. పేట నోటీసు కూడా తీసేస్తారుగదండి."

ఆయన నా వంక జాలిగా చూశారు. "కుడి గట్టున లేదని తేలింది. ఉన్నది ఒక్కటే జంతువు. కుడివైపు లేదంటే ఎక్కడున్నట్టు?"

పేటకి రెండో నోటీసు వచ్చింది. మొదటిదానికంటే గట్టిగా ఉంది. బుడుంగి ఎడమ గట్టునే ఉందనడానికి సాక్ష్యంగా కుడి గట్టు ఉత్తర్వు జతచేశారు.

ఇక నాకు మిగిలింది ఒకటే దారి. మధ్యాహ్నం అందరూ అన్నాలకి వెళ్ళాక కంప్యూటర్ ముందు కూచున్నాను. తెర నిండా బుడుంగి. పిర్ర మీద ముద్ర, ఒళ్ళంతా మట్టి, పశువైద్యుడు మానిందన్న చెవి. ఇన్ని పాట్లు పెట్టినా ఆ కళ్ళు మాత్రం ఆకలేస్తోందా అనే అడుగుతున్నాయి. నాకు ఏడుపు వచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాను. తరవాత ఫైలును తీసేశాను, నకళ్ళను తీసేశాను, కంప్యూటర్ చెత్తబుట్టను కూడా ఖాళీ చేశాను. రేంజరు దగ్గరకి నడిచి వెళ్ళి, బుడుంగిని నేనే చంపానని చెప్పాను.

పుట్టించానంటే ఒక్కరూ నమ్మలేదు. చంపానంటే వెంటనే నమ్మారు.

పురుషోత్తం గారు కుర్చీలోంచి లేచి, టోపీ తీసి, కాసేపు తల దించుకుని నిలబడ్డారు. తరవాత నా మీద కేసు రాశారు. కాగితాల మీద దాని బొమ్మలింకా ఉన్నాయిగదా అని ఎవరో గుమాస్తా అంటే, "ఫొటో ఉన్నంత మాత్రాన మనిషి బతికున్నట్టా?" అని కసిరారు. ఆయన బాధ నిజమైనదే. ఆ ఆఫీసులన్నిటిలో బుడుంగిని నాతో పాటు ప్రేమించింది ఆయనొక్కరే.

జంతువు పోయింది కాబట్టి అభయారణ్యం అక్కర్లేదు, పేట బతికిపోయిందనుకున్నాను. త్రివిక్రమరావు గారు విలేకరుల సమావేశం పెడతారని నాకు తట్టలేదు. "బుడుంగి భౌతికంగా మన మధ్య లేకపోయినా, దాని ఆశయాలు సజీవంగా ఉన్నాయి" అన్నారాయన. దాని జ్ఞాపకార్థం స్మారకవనం కడతారట. ఎక్కడంటే, అది తిరిగిన చోటే. ఎడమ గట్టున.

స్మారకవనానికి పునాది వేయాలంటే కింద కళేబరం ఉండాలని శేషావతారం గారు అన్నారు. కేసుకి కూడా కళేబరం కావాలి. ఆ పని మీద రేంజరు ఇద్దరు గార్డులతో మా పేటకి వచ్చారు. అక్క గుమ్మంలో చేపలు కోస్తోంది. పేటలో ఆడా మగా అంతా చుట్టూ చేరారు.

"మీ తమ్ముడు చంపిన జంతువు కళేబరం ఎక్కడ దాచారమ్మా?"

అక్క కత్తిపీట మీంచి తలెత్తలేదు. నోటీసు వచ్చినప్పటి నుంచి దాచుకున్న కోపమంతా గొంతులోకి తెచ్చుకుంది. "పులుసు పెట్టేనండి."

"పులుసా?"

"చింతపండు పులుసు. బెండకాయ ముక్కలేసి. చచ్చినదాన్ని దాచుకుని ఏం జేస్తాం, పూజ జేస్తామా? పేటంతా తిన్నాం."

రేంజరు చుట్టూ చూశారు. మొదట ఎదురింటి ముసలామె ముందుకొచ్చింది. "నానూ తిన్నానండి. ముల్లు ఎక్కువ." ఆమె వెనక పడవ లాగే కొండబాబు, "తోక నాకే వచ్చిందండి" అన్నాడు. ఒకరి తరవాత ఒకరు, ఖాళీ చేయమన్న ప్రతి ఇంటివాళ్ళూ తిన్నామన్నారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాపం వాళ్ళు ఏ ఉపాయమూ పన్నలేదు. వాళ్ళకి ఒళ్ళు మండింది, అంతే.

పురుషోత్తం గారు అందరి పేర్లూ రాసుకున్నారు. ఆయన నియమం తప్పే మనిషి కాదు. రక్షిత జంతువు మాంసం తిన్న నేరం కింద తూముగట్టు పేట మొత్తాన్ని ముద్దాయిలుగా చేర్చి కోర్టులో నిలబెట్టారు. మెజిస్ట్రేటు గారు ఆ గుంపును చూసి, జైల్లో పట్టరని గ్రహించి, జామీను ఇచ్చారు. దాంతోపాటు ఒక షరతు పెట్టారు. కేసు ముగిసేవరకూ ముద్దాయిలు ఎవరూ ఇప్పుడున్న ఇల్లు విడిచి వెళ్ళరాదు. సాక్ష్యాధారాలు ఉన్న స్థలం కాబట్టి అక్కడ ఒక్క ఇటుకనూ ఎవరూ కదపరాదు.

స్మారకవనం కోసం మట్టి తవ్వే ప్రొక్లెయిను వచ్చిన రోజున రేంజరే దానికి అడ్డంగా నిలబడ్డారు. కమిషనర్ గారు కారు దిగి వచ్చారు.

"ఏమిటయ్యా ఇది? ఈ కేసు ఎప్పటికి తేలుతుంది?"

"కళేబరం దొరికాకండి."

"తినేశామంటున్నారుగదా, ఎక్కడ దొరుకుతుంది?"

"అందుకేనండి వెతకాలి" అన్నారు పురుషోత్తం గారు. "మా శాఖ వెతకడం మొదలుపెడితే మధ్యలో వదలదు. నా తరవాత వచ్చే రేంజరూ వెతుకుతాడు."

ప్రొక్లెయిను తిరిగి వెళ్ళిపోయింది. మా అక్క కాలువలోంచి తట్టతో మట్టి తెచ్చి, వానకి కొట్టుకుపోయిన గోడ మూల మెత్తడం మొదలుపెట్టింది.